తాడు లోపలి పంట

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మొదటి రోజుల్లో "దిగుబడి అంతరం కొలుస్తాను" అని గొప్పగా చెప్పేదాన్ని. అడిగినవాళ్లు తల ఊపి వేరే మాటలోకి వెళ్లిపోయేవాళ్లు. మా అమ్మ అయితే చుట్టాలకు "మా పాప వ్యవసాయాఫీసులో ఉండాది" అని చెప్పి అంతటితో ముగించేది. కొన్నాళ్లకు నేనే దారికొచ్చి "చేలల్లో తాళ్లు కట్టి పంట తూస్తాను" అనడం మొదలుపెట్టాను. అది అందరికీ అర్థమైంది. ఆ మాటతో నాకు కొత్తగా గౌరవమేమీ రాలేదు గానీ, అందులో అబద్ధం మాత్రం లేదు.

పని చెప్పడానికి తేలిక. ఒక నేల ఎంత పండగలదో ఒక లెక్క, నిజంగా ఎంత పండిందో ఇంకో లెక్క. ఆ రెండింటి మధ్య ఉన్న తేడా ఎంత, ఎందువల్ల అన్నది మేం తేల్చాలి. ఎంత పండగలదో చూడడానికి తిరుపతి దగ్గర మా పరిశోధన క్షేత్రంలో ఒక వేరుశెనగ మడి ఉండేది. దానికి చుట్టూ కంచె, అడిగిన రోజున నీళ్లు, వేళకు జిప్సం, ఆకు మీద ఒక్క మచ్చ కనిపిస్తే మందు. పెళ్లయిన కూతురు పుట్టింటికి వస్తే చూసుకున్నట్టు దాన్ని చూసుకునేవాళ్లం. నిజంగా ఎంత పండుతుందో చూడడానికి వడమాలపేట చుట్టుపక్కల వాన మీదే ఆధారపడిన చేలు కొన్ని ఎంచుకున్నాం. ప్రతి చేనులో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు ఉన్న గడి ఒకటి గుర్తుపెట్టి, నాలుగు మూలలా మేకులు కొట్టి, నైలాన్ తాడు చుట్టేవాళ్లం. పదిహేను రోజులకోసారి నేను స్కూటీ మీద వెళ్లి ఆ గడిలో మొక్కలు, పూలు, భూమిలోకి దిగే ఊడలు లెక్కపెట్టుకుని రావాలి. చివర్లో ఆ గడిలోని కాయలన్నీ కోసి తూచి, తేలిన లెక్కను కాగితం మీద రైతుకు ఇవ్వాలి.

నియమాలు చాలా ఉన్నాయి గానీ, ఒకటి మాత్రం అన్నిటికంటే గట్టిది. రైతుకు సలహా ఇవ్వకూడదు. పనిలో చేరిన రోజే మా సారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "మనం చెప్పి చేయిస్తే అది రైతు పద్ధతి ఎలా అవుతుందమ్మా? తేడా తగ్గించడం మన పని కాదు, కొలవడం మన పని. తగ్గించేవాళ్లు తర్వాత వస్తారు." సారు చెడ్డ మనిషి కాదు. రిటైరయ్యే వయసులో కూడా ఎండలో నాతో సమానంగా గట్లు తొక్కేవారు. ఆయన చెప్పింది తప్పని కూడా నేను అనలేను. తప్పయితే బాగుండేదని మాత్రం తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మాది ఏర్పేడు దగ్గర ఊరు. నాయన వరి పెడతాడు. వ్యవసాయ డిప్లొమా చదివి, రెండేళ్లు ఖాళీగా కూర్చుని, చివరికి ఈ పనిలో చేరాను. ఏడాదికోసారి పొడిగించే పని. పొడిగిస్తారో లేదో అన్న గుబులు ప్రతి ఉగాదికీ ముందు మొదలయ్యేది. అందుకే నియమాలంటే నాకు భక్తి ఎక్కువ. ఫారంలో ఒక్క గడి ఖాళీగా వదిలినా నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ ఏడు ఎంచుకున్న చేలల్లో ఒకటి ఒక అక్కది. వడమాలపేట దాటి పుత్తూరు వైపు పోతూ, రోడ్డు దిగి రెండు మలుపులు తిరిగితే ఆమె చేను. ఎకరంన్నర ఎర్రనేల. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఉండేది. భర్త బెంగళూరులో ఏదో హోటల్లో వంట మాస్టరు. భూమి ఇంకా పంచుకోలేదు. భర్త అన్న ఒకాయన రేణిగుంటలో గోడౌన్లో పనిచేస్తూ ఆదివారాలు ఊరికి వచ్చేవాడు. ఇంటి విషయాల్లో ఆయన మాటే చివరి మాట, తమ్ముడు ఫోన్లో "అన్న ఎట్లా అంటే అట్లా" అనడం తప్ప ఇంకేమీ అనేవాడు కాదట. పైభాగంలో బోరు వేసి ఆయన మామిడి పెట్టుకున్నాడు. కింది ఎకరంన్నరలో ఈమె సొంతంగా శెనక్కాయ వేస్తుంది, మధ్యలో ఒక చాలు కంది, ఒక చాలు అనప.

తాడు కట్టిన రోజు ఆదివారం. మంచి పదును మీద విత్తనం మొలకెత్తి, మొక్కలు వరసగా నిలబడి ఉన్నాయి. నేను టేపు పట్టుకుని కొలుస్తుంటే ఆమె బావ గట్టు మీద నిలబడి మాట్లాడుతున్నాడు.

"ఈ శెనక్కాయతో ఏమొస్తాది మేడం? మూడేండ్లుగా సూస్తా ఉండా. సేసేది సేతగాక వాన మీద పెడతాది. మామిడి పెట్టేస్తే గమ్మునుంటాది గదా అంటే వినదు."

అక్క నా పక్కన కూర్చుని మేకు పట్టుకుంటూ నాతో మెల్లగా అంది, "మామిడొస్తే ఈ సేన్లో నాకేం పనుంటాది పాపా? కాపలా ఒకటే. ఇప్పుడైతే ఏ ఇత్తనం ఎయ్యాల, ఎప్పుడు ఎయ్యాల అని నన్ను అడగతారు. అప్పుడు ఎవురడగతారు?"

ఆయనకు ఆ మాట వినబడిందో లేదో తెలియదు. గట్టు దిగి వచ్చి నా ఫారం వైపు చూశాడు. "సరే మేడం, మీరెట్లాగూ కొలస్తా ఉండారు గదా. సివర్లో కాగితం ఇస్తారంట. అందులో ఈమె సేద్యం బాగుండాదని వస్తే ఇంగో రెండేండ్లు సేను ఈమెకే ఇడిసిపెడతా, నోరెత్తను. లేదంటే మామిడి మొక్కలు తెస్తా. మల్లా ఈమె నోరెత్తకూడదు."

"సరే బావా," అంది అక్క. అంత తొందరగా ఒప్పుకోవడం చూసి నాకే భయమేసింది. నేను కట్టిన తాడు మీద ఒక మనిషి ఇంత బరువు పెడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ కాగితం అలాంటి తీర్పుల కోసం కాదని చెప్పాలనిపించింది. అది సలహా కిందకి వస్తుందా రాదా అని ఆలోచిస్తుండగానే ఆయన వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక అక్క తాడు చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇంత సేనుంటే ఇంత ముక్కనే కొలస్తారా?" అని అడిగింది.

నాకు వివరించడమంటే సరదా. "చేనంతా తూయలేం కదక్కా. ఈ గడిలో ఎంత వస్తే, చేనంతా అలాగే వచ్చినట్టు లెక్క కట్టేస్తాం" అన్నాను. ఇంత సులువుగా చెప్పగలిగినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"అట్లనా," అంది. తాడును వేలితో ఒకసారి లాగి చూసింది.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. మా వైపు ఇది కొత్తేమీ కాదు. విత్తనానికి పిలిచినట్టు వచ్చి, పూత సమయానికి కనబడకుండా పోవడం దానికి అలవాటు. రెండోసారి వెళ్లేసరికి మధ్యాహ్నం ఎండకు ఆకులు ముడుచుకుని నిలబడి ఉన్నాయి. పూలు ఉన్నాయి, ఊడలు దిగాలని చూస్తున్నాయి, నేల మాత్రం గట్టిపడిపోయింది. ఆ ఊడ భూమిలోకి దిగితేనే కాయ. దిగకపోతే గాలిలో వేలాడి ఎండిపోతుంది. ఆ పది పదిహేను రోజుల్లో ఒక్క తడి దొరికితే చాలు, పంట నిలబడుతుందని పుస్తకంలో చదివాను, క్షేత్రంలో కళ్లారా చూశాను.

"ఏం సేయమంటావు పాపా?" అని అక్క అడిగింది. చదువుకున్న పిల్ల ఏదైనా దారి చెబుతుందన్న నమ్మకం ఆమె మొహంలో ఉంది.

"ఎప్పుడూ ఏం చేస్తావో అదే చెయ్యక్కా" అన్నాను.

"ఎప్పుడూ పైకి సూస్తా కూసుంటా," అంది. "ఇప్పుడూ అంతేనా?"

నేను ఊడలు లెక్కపెట్టడంలో మునిగినట్టు తల వంచుకున్నాను. పైన మామిడి తోటలో ఆమె బావ బోరు నడుస్తోంది. ఆ నీళ్లను కిందికి మళ్లించమని అడగడానికి ఆమెకు నోరు రాదు, అడిగితే ఆయన ఇవ్వడు. నా సంచిలో నియమాల కాగితం ఉంది. నేను ఆమెకు చెప్పగలిగింది ఏమీ లేదు, చెప్పగలిగినా ఆమె చేయగలిగింది ఏమీ లేదు. ఆ సాయంత్రం ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి క్షేత్రంలో మా మడి మీద స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. ఆ నీళ్లు చూసి నాకు ఎంత కోపం వచ్చిందంటే, వాటిని ఆపేసి ఇంటికి పోదామనిపించింది. ఆపితే రెండు లెక్కల్లో ఒకటి పాడవుతుంది. ఆపలేదు. ఎన్ని గంటలు నడిచాయో రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను.

మూడోసారి వెళ్లినప్పుడు చేను దూరం నుంచే పాలిపోయి కనిపించింది. దగ్గరికి వెళ్లాక నా గడి చూశాను. తాడు లోపల మొక్కలు పచ్చగా ఉన్నాయి. తాడు బయట అడుగు దూరంలో ఆకులు రాలుతున్నాయి. మొక్క మొదట్లో వేలు పెడితే మన్ను చల్లగా, మెత్తగా తగిలింది.

ఇక్కడ నేను నా గురించి నిజం చెప్పాలి. నాకు అప్పుడే అర్థమైంది. ఒక గట్టు మీద వాన పడి పక్క గట్టు మీద పడకపోవడం మా వైపు మామూలే, కానీ వాన తాడు చూసుకుని కురవదని నాకు తెలియనిదేమీ కాదు. అయినా ఫారంలో "గడి ఉన్నచోట నేల కొంచెం పల్లం, తేమ నిలిచి ఉంది" అని రాశాను. ఆ చేను పలకలా చదునుగా ఉంటుంది. ఎందుకు రాశానంటే, ఊడలన్నీ వరసగా భూమిలోకి దిగి ఉండడం చూసి నాకు సంతోషం వేసింది. ఎండిపోయిన చేను మధ్య ఆ పచ్చటి ముక్క అలాగే ఉండాలని కోరుకున్నాను. అక్కను ఏమీ అడగలేదు. ఆమె కూడా ఆ రోజు నా దగ్గరికి రాలేదు, గట్టు మీద నుంచే చెయ్యి ఊపింది.

ఆ తర్వాత వాన రాలేదని కాదు. వచ్చింది, రావలసినప్పుడు కాకుండా కోతకు నెల ముందు వచ్చింది. అప్పటికి చేనులో దిగవలసిన ఊడల్లో సగానికి పైగా ఎండిపోయాయి.

కోతరోజు నలుగురు ఆడవాళ్లు వచ్చారు. పద్ధతి ప్రకారం మొదట నా గడి పీకించాను. మొక్క పట్టి లాగితే ఎర్రమన్ను రాలుతూ గుత్తులు గుత్తులుగా కాయలు పైకి వచ్చాయి. ఆ ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కాయలు తెంపి, మన్ను దులిపి, గోనెసంచిలో వేసి నా త్రాసుకు తగిలించాను. నాలుగు కిలోలు దాటి ముల్లు ఆగింది. రెండు వారాల ముందు మా క్షేత్రం మడిలో అంతే గడికి వచ్చిన తూకం నాకు గుర్తుంది. ఈ రెండింటికీ తేడా ఒక దోసెడు కాయలు.

కూలికి వచ్చినవాళ్లు చేను అవతలి కొసకు వెళ్లాక అక్కను పక్కకు పిలిచాను.

"నీళ్లు పోసినావా అక్కా?"

"పోసినా," అంది వెంటనే. దాచాలన్న ఆలోచనే ఆమె మొహంలో లేదు. "పొద్దన్నే నాలుగు బిందెలు, సాయంత్రం రెండు. బోరింగు కాడ్నించి మోసినా. వాన పడేదాకా ఒక్క రోజు కూడా మానలే."

బోరింగు అంటే ఊరి మొదట్లో ఉన్న చేతిపంపు. అక్కడి నుంచి చేనుకు నా స్కూటీ మీదే ఐదు నిమిషాలు పడుతుంది.

"ఎందుకక్కా అట్లా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "నువ్వే గదా పాపా సెప్పినావు, ఈ గడిలో వచ్చిందే సేనంతా వచ్చినట్టని. సేనుకంతా పోసే శక్తి నాకు యాడుండాది? ఈ మాత్రం ముక్కకైతే పోయగలిగినా. ఇంటికి సుట్టం వస్తా ఉండాడంటే ఇల్లంతా కాకపోయినా కూసునే సోటన్నా ఊడుస్తాం గదా." నా మొహం చూసి, "తప్పా?" అని అడిగింది.

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. తప్పేనని చెప్పాలి. కానీ ఆ గోనెసంచి వైపు చూసే కొద్దీ నాకు ఇంకో సంగతి కనబడుతోంది. విత్తనం ఆమెదే, నేల ఆమెదే, కలుపు తీసిన చేతులు ఆమెవే. జిప్సం లేదు, మందులు లేవు. మేం క్షేత్రంలో ఇంతమందిమి కలిసి పెంచిన పంటకూ ఆమె ఎండిన చేనుకూ మధ్య ఉన్న తేడా అంతా రోజుకు ఆరు బిందెల నీళ్లు. ఆమె సేద్యంలో లోపం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఎవరు తేగలరు? ఆమె బావ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ సంచిలో ఉంది. మేం ఏళ్ల తరబడి వెతుకుతున్న జవాబు కూడా అదే. దాన్ని రాసుకోవడానికి మాత్రం నా ఫారంలో చోటు లేదు.

అటు వెళ్లి సారుకు ఫోన్ చేశాను. మాట తిప్పి అడిగాను. "సార్, ఒకవేళ ఏ రైతయినా గడికి మాత్రం నీళ్లు పోసి ఉంటే ఏం చేయాలి?"

"ఆ చేనునే తీసెయ్యాలమ్మా," అన్నారు. "వానాధారం అని రాసుకుని నీళ్లు పోసిన గడిని లెక్కలోకి తీసుకుంటే, ఆ ఊళ్లో వానకే అంత పండుతుందని వస్తుంది. అప్పుడు పక్క రైతులంతా చేతకానివాళ్లని తేలుతుంది. కరువు వచ్చిందంటే ఎవరూ నమ్మరు. 'రైతు నియమం పాటించలేదు' అని రాసి పేరు కొట్టెయ్యడమే."

"నీళ్లు పోశారు, అందుకే ఇంత వచ్చింది అని రాయడానికి వీలుండదా సార్?"

"అది వేరే ప్రయోగం. మనది కాదు. ఎందుకు, ఎక్కడైనా జరిగిందా?"

"ఊరికే అడిగాను సార్."

ఆయన చెప్పిన ప్రతి మాటా సరైనదే. నాకు ఒళ్లు మండింది అందుకే. ఆయన తప్పు చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. ఈ గడి తూకం రాస్తే ఊరందరికీ అన్యాయం. పేరు కొట్టేస్తే ఈమెకు కాగితమే రాదు. పైగా "సర్కారోళ్లే తీసేసినారు" అని ఆమె బావ ఊరంతా చెప్పుకుంటాడు. ఏ వైపు తిరిగినా గోడే.

ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఒక వెసులుబాటు ఉంది. జంతువులు గడిని పాడుచేస్తే, అదే చేనులో ఇంకో గడి తీసుకోవచ్చు. ఆ ప్రాంతంలో అడవి పందులు చేలల్లో పడడం మామూలే, ఎవరూ అనుమానించరు. అదే రాశాను. "గడిని పందులు తవ్వేశాయి." జీవితంలో ఫారం మీద నేను రాసిన రెండో అబద్ధం. మొదటిది పల్లం నేల.

అక్క దగ్గరికి వెళ్లి చెప్పాను. "ఇది లెక్కలోకి రాదక్కా. ఇంకో చోట కొలవాలి. ఎవరైనా అడిగితే ఈ గడిని పందులు తవ్వేశాయని చెప్పు, కూలికి వచ్చినవాళ్లను కూడా అలాగే చెప్పమను. నీళ్లు పోసిన సంగతి ఎవ్వరికీ చెప్పొద్దు. తెలిస్తే నా పని పోతుంది."

చివరి మాట అనవలసిన అవసరం లేదు. ఆమె మారుమాట్లాడకుండా ఒప్పుకుంటుందని అన్నాను. ఆమె మారుమాట్లాడలేదు.

చోటు మా ఇష్టానికి ఎంచుకోకుండా ఆఫీసువాళ్లు ఇచ్చిన అంకెల పట్టీ చూసి, గట్టు నుంచి అన్ని అడుగులు అటు, ఇన్ని అడుగులు ఇటు వేసి రెండో గడి తాడు వేశాను. ఆ మొక్కలు పీకడానికి బలం అక్కర్లేదు, వేలితో లాగితే వచ్చేశాయి. మొక్కకు రెండో మూడో కాయలు, వాటిలో కొన్ని గింజ నిండని పిట్టకాయలు. తూకం కిలో దాటి కొంచెం. అక్క సంచిని చేత్తో పట్టి బరువు చూసి వదిలేసింది.

"ఇదే రాస్తావా?"

"ఇదే రాయాలక్కా."

"మరి అది?"

నేను త్రాసు విప్పి సంచిలో పెట్టుకున్నాను. ఆమె ఆ మొదటి సంచిలోని కాయల్ని తువ్వాలులోకి ఒంపుకుని మూటకట్టింది. "ఇత్తనానికి పెట్టుకుంటాలే," అంది. వచ్చే ఏడు విత్తనం వేసే చేను ఉంటుందో లేదో ఇద్దరికీ తెలియదు.

ఇంటికి వెళ్లి నాయనకు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. ఆయన అన్నం తింటూ అంతా విని, "ఆమె నీళ్లు పోసింది, నువ్వు పందుల్ని తోలినావు," అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

కాగితాలు తయారవడానికి రెండు నెలలు పట్టింది. ఆ మధ్యలో సారుతో నిజం చెప్పేద్దామని మూడుసార్లు ఆయన గది దాకా వెళ్లాను. ఒకసారి ఆయన ఫోన్లో ఉన్నారు. ఒకసారి నా పని పొడిగించమని పైకి రాస్తున్నానని ఆయనే చెప్పారు. మూడోసారి తలుపు దగ్గరే నిలబడి వెనక్కి వచ్చేశాను. మూడోసారికి ఏ సాకూ లేదు.

రైతులకు కాగితాలు పంచే రోజు ఆదివారం పెట్టారు, ఊళ్లో అందరూ దొరుకుతారని. పాల కేంద్రం షెడ్డులో కుర్చీలు వేసి, గోడకు ఒక పెద్ద పటం తగిలించాం. అందులో పచ్చరంగు కడ్డీ పండగలిగినంత, పసుపు కడ్డీ పండినంత. మధ్యలో ఉన్న తేడాకు ఎర్ర రంగు పూశారు. కారణాలు రెండే గళ్లలో ఉన్నాయి. వాన లోటు ఒకటి, యాజమాన్య లోపం, అంటే రైతు సేద్యంలో లోపం, ఇంకొకటి. వాన లోటు కంప్యూటరు కట్టింది. దాని లెక్క వానలన్నీ కలిపి చూస్తుంది. కోతకు ముందు పడిన ఆ ఆలస్యపు వాన కూడా కలిసేసరికి ఆ ఏడు లోటు పెద్దగా లేనట్టే తేలింది. మిగిలిన తేడా అంతా యాజమాన్య లోపం కిందికి వెళ్లిపోయింది.

సారు ఓపిగ్గా వివరించారు. పేర్లు చెప్పకుండానే, "ఈ ఊళ్లోనే ఒక చేను ఉంది. నేల చాలా మంచిది. తేడా మాత్రం అన్నిటికంటే ఎక్కువ. అంటే మెరుగుపడే అవకాశం అంత ఉంది అన్నమాట," అన్నారు. ఆయన ధైర్యం చెప్పాలనే అన్నారు. తర్వాత నేను ఒక్కొక్కరినీ పిలిచి కాగితాలు అందించాను. అక్క కాగితం ఆమె చేతిలో పెట్టేలోగా ఆమె బావ అందుకున్నాడు. నిలబడి, అందరికీ వినిపించేలా, వేలు పెట్టి చదివాడు.

"తేడాకు కారణం, యాజమాన్య లోపం. సలహా, ఊడలు దిగే దశలో పైరుకు ఒక తడి ఇచ్చినచో దిగుబడి గణనీయంగా పెరుగును." చదవడం ఆపి సారు వైపు తిరిగాడు. "నీళ్లు పెట్టింటే వచ్చిండునా సార్?"

"తప్పకుండా వచ్చేది," అన్నారు సారు. "నేలలో ఏ లోపమూ లేదు."

"ఇన్నావా?" అని ఆయన అక్క వైపు తిరిగాడు. గొంతులో కోపం కూడా లేదు, ఒక లెక్క తేలిపోయిన నెమ్మది ఉంది. "నేలలో లోపం లేదంట. ఇంగ తప్పు ఎవురిదో నువ్వే సెప్పు."

అక్క నన్ను చూసింది. షెడ్డులో ముప్పైమంది ఉన్నారు. ఆ తడి ఇచ్చాను, నా చేత్తో బిందెలతో ఇచ్చాను, పంట వచ్చింది, ఈ పిల్లే తూచింది అని ఆమె ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నేనైనా అనవచ్చు. ఆ తూకం నా పుస్తకం చివరి పేజీలో రాసి ఉంది. పుస్తకం నా చంకలోనే ఉంది. గోడ మీది పటం ఒక మూల ఊడి వేలాడుతుంటే దాన్ని సరిచేసే వంకతో అటు తిరిగాను.

"నాదేలే బావా," అన్న ఆమె గొంతు నా వెనక నుంచి వినిపించింది. "మొక్కలు తెప్పించు."

సమావేశం అయ్యాక టీ ఇచ్చారు. సారు ఫోటోలు తీయించుకున్నారు. నేను బయటికి వచ్చేసరికి అక్క షెడ్డు పక్కన చెప్పులు వెతుక్కుంటోంది. దగ్గరికి వెళ్లాను. ఏం మొహం పెట్టుకుని వెళ్లానో నాకే తెలియదు.

"చెప్పి ఉండొచ్చు కదక్కా," అన్నాను. సిగ్గులేకుండా అదీ నేనే అన్నాను.

"సెప్తే నీ పని పోతాదంటివి గదా పాపా," అంది, ఒక చెప్పు కాలికి తొడుక్కుంటూ. "నా సేను ఎట్లాగూ పోతా ఉండాది. ఒకరిది పోతే సాలదా, ఇద్దరిదీ ఎందుకు అనుకున్నా."

రెండో చెప్పు కూడా దొరికాక ఆమె ఇంటి వైపు నడిచింది. ఆ నెల నా పని పొడిగించారు. ఇప్పటికీ అదే పనిలో ఉన్నాను.